గోడ మీద కాగితం నుంచి ఫేస్‌బుక్ గోడ దాకా

డెబ్బయ్యవ, ఎనభయ్యవ దశకాల్లో ఈ దేశానికి వచ్చినవాళ్ళకి ఇండియన్ కొట్టు అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. తలుపు తెరవగానే ఇంగువ, అగరొత్తులు కలిసిన వాసన. గల్లాపెట్టె వెనక ఒక పెద్దాయన. ఆయన పక్కన గోడకి ఒక బోర్డు, దాని మీద గుండుసూదులతో గుచ్చిన కాగితాలు. "రూమ్మేట్ కావలెను", "కూచిపూడి నేర్పబడును", "టొయోటా కారు అమ్మకానికి", "పిల్లల్ని మా ఇంట్లో చూసుకుంటాం". కాగితం అడుగున ఫోన్ నంబరు పదిసార్లు రాసి, చింపుకోవడానికి వీలుగా కత్తిరించి ఉండేది. ఎన్ని ముక్కలు చినిగాయో చూస్తే ఎంతమంది చదివారో తెలిసిపోయేది. ఇవాళ లైకులు లెక్కపెట్టే మన పిల్లలకి ఈ సంగతి చెబితే నవ్వుతారు గానీ, మన వ్యాపారాలకి మొదటి సోషల్ మీడియా అదే.

రెండోది మీ చేతిలో ఉంది. ఇలాంటి సావెనీర్ల వెనక పేజీలు.

1965లో వలస చట్టం మారాక మనవాళ్ళు డాక్టర్లుగా, ఇంజనీర్లుగా రావడం మొదలైంది. 1974లో షికాగో డెవన్ వీధిలో పటేల్ సోదరులు చిన్న దుకాణం తెరిచారు. 1977లో న్యూయార్క్‌లో తొలి తెలుగు మహాసభ జరిగింది. రెండేళ్ళకోసారి సభ, సభకో సంచిక, సంచికకి కావలసిన డబ్బుకోసం ప్రకటనలు. అలా మన వ్యాపార ప్రకటన పుట్టింది. నేనూ ఆ ప్రకటనల కోసం కొట్టు కొట్టుకీ తిరిగినవాణ్ణే. నిజం చెప్పాలంటే ఎవరూ వ్యాపారం పెరుగుతుందని ఇవ్వలేదు. "అడిగింది మనవాడు, కాదంటే ఏం బాగుంటుంది" అని ఇచ్చారు. మేముండే మిచిగన్ ఊళ్ళో ఒక సరుకుల కొట్టాయన ఉన్నారు. తెనాలి దగ్గర పల్లెటూరు. అందరికీ ఆయన బాబాయే. చెక్కు రాసిస్తూ ప్రతిసారీ ఒక్క ప్రశ్న వేసేవారు. "దీన్ని చూసి ఒక్కడన్నా నా కొట్టుకి వచ్చాడని నువ్వు చెప్పగలవుటయ్యా?" చెప్పలేకపోయేవాణ్ణి. చెప్పగలిగే సాధనం అప్పటికి లేదు.

తొంభైల మొదట్లో విశ్వవిద్యాలయాల్లో ఉన్న మన కుర్రాళ్ళకి యూజ్‌నెట్ దొరికింది. తెలుగువాళ్ళకంటూ ఒక వార్తా సమూహం ఏర్పడింది. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి రైస్ విశ్వవిద్యాలయంలో తయారైన ఆర్‌టీఎస్ పద్ధతి వాడుకలోకి వచ్చింది. ఛందస్సు మీద, సినిమాల మీద, వంకాయ కూర మీద కూడా చర్చలే. ఆ తర్వాత యాహూ గ్రూపులు. ఊరికో గ్రూపు, గుడికో గ్రూపు. అక్కడ ప్రకటనలు వేస్తే పెద్దలు కసిరేవారు. కానీ వ్యాపారాల గురించి మాటలు మాత్రం ఆగలేదు. ఫలానా కొట్లో బియ్యం బస్తాలో పురుగులున్నాయని ఒకరు రాస్తే, ఆ సాయంత్రానికి ఊళ్ళో అందరికీ తెలిసేది. ఆ కొట్టాయనకి తప్ప. ఆయనకి ఈమెయిలే లేదు.

నాకు ఈ కథలో అన్నిటికంటే ముఖ్యమైన మలుపు ఇదే అనిపిస్తుంది. వ్యాపారి సోషల్ మీడియాలోకి వెళ్ళాలా వద్దా అని ఆలోచించుకునే లోపే, అతని పేరు అక్కడికి వెళ్ళి కూర్చుంది.

ఈ దెబ్బ పెద్ద కంపెనీలూ తిన్నాయి. 2005 జూన్‌లో జెఫ్ జార్విస్ అనే పాత్రికేయుడు తను కొన్న డెల్ కంప్యూటర్ పనిచెయ్యక, కంపెనీ సరిగా పలకక విసిగి, తన బ్లాగులో ఏకరువు పెట్టాడు. వందలాదిమంది "మాదీ అదే గోడు" అంటూ చేరారు. డెల్ మొదట మాట్లాడలేదు. మరుసటి ఏడాది దాకా దిగిరాలేదు. కానీ దిగివచ్చిన తీరు చూడండి, దాన్ని గురించే నేను అందరికీ చెబుతుంటాను. ముందు 2006లో కొంతమంది ఉద్యోగులని, ఎవరెక్కడ ఫిర్యాదు రాస్తున్నారో చదివి, వాళ్ళని పలకరించి, సమస్య తీర్చే పనిలో పెట్టారు. అమ్మకం మాట ఎత్తలేదు. అదే ఏడాది జులైలో సొంత బ్లాగు పెట్టి తమ తప్పుల గురించి తామే రాయడం మొదలుపెట్టారు. 2007 ఫిబ్రవరిలో, మేమేం చెయ్యాలో మీరే చెప్పండి అంటూ కొనేవాళ్ళ సలహాలకి ఒక చోటు తెరిచారు. ఆ తర్వాతే ట్విట్టర్‌లో తగ్గింపు ధరల సరుకు అమ్మకానికి పెట్టారు. అలా ట్విట్టర్ వల్ల 30 లక్షల డాలర్ల అమ్మకాలు జరిగాయని 2009లో ప్రకటించారు. అంత పెద్ద కంపెనీకి అది చిల్లర డబ్బే. నాకు నచ్చింది ఆ అంకె కాదు, వరస. వినడం, జవాబివ్వడం, మాట్లాడటం, అందరికంటే ఆఖరున అమ్మడం. తిట్లు తిన్న కంపెనీ గనక దానికి వేరే దారి లేకపోయిందనుకోండి, అది వేరే విషయం.

అదే రోజుల్లో, 2008 నవంబరులో, లాస్ ఏంజెలెస్‌లో కోగీ అనే కొరియన్ టాకోల బండి మొదలైంది. ఈ రాత్రి బండి ఎక్కడ ఆగుతుందో ట్విట్టర్‌లో చెప్పేవారు. జనం అక్కడికి వచ్చి బారులు తీరేవారు. 2009 జులైలో డేవ్ కారల్ అనే గాయకుడు, ప్రయాణంలో తన గిటారు విరగ్గొట్టిన యునైటెడ్ ఎయిర్‌లైన్స్ మీద పాట కట్టి యూట్యూబ్‌లో పెట్టాడు. ఈ రెండు కథలూ చెప్పని మార్కెటింగ్ ఉపన్యాసం ఆ రోజుల్లో ఉండేది కాదు. ఒకటి ఆశ, ఒకటి భయం. రెండూ చూపించి వ్యాపారులని తొందరపెట్టేవాళ్ళు.

బాబాయి కొట్టుకి కూడా ఆ తొందర వచ్చింది. వ్యాపారాలకి విడిగా పేజీలు పెట్టుకునే వీలు ఫేస్‌బుక్ 2007 నవంబరులోనే ఇచ్చింది. 2009 వేసవిలో వాళ్ళబ్బాయి కాలేజీ నుంచి సెలవులకి వచ్చి, ఒక్క శని ఆదివారాల్లో ఫేస్‌బుక్, ట్విట్టర్, యూట్యూబ్ అన్నీ తెరిచేశాడు. కొట్లో పంచే పచ్చకాగితం, అదే వారం ధరల పట్టిక, ఆపేయించాడు. ఆగస్టు ఆఖరుకి కాలేజీకి వెళ్ళిపోయాడు. అక్టోబరులో కూడా పేజీ మీద "బంగినపల్లి మామిడిపళ్ళు వచ్చాయి" అనే ఉంది. భారతీయ మామిడిపళ్ళని దాదాపు 18 ఏళ్ళ నిషేధం తర్వాత 2007లో మళ్ళీ ఈ దేశంలోకి రానిచ్చారు గదా, వాటికోసం మొహం వాచి ఉన్న జనం. గంట ప్రయాణం చేసి వచ్చిన ఒకావిడ ఖాళీ పెట్టెలు చూసి బాబాయిని నలుగురిలో నిలదీసింది. పచ్చకాగితం అలవాటైన పెద్దవాళ్ళు ఏ వారం ఏం ధరో తెలియక పక్క కొట్టుకి మళ్ళారు.

ఆయన నన్ను పిలిచి, "అబ్బాయ్, ఈ ముఖపుస్తకం మూయించు. నా ముఖం చాలు" అన్నారు.

"మూయొద్దు బాబాయ్, నిదానంగా చేద్దాం. ముందు కాగితం మళ్ళీ మొదలుపెట్టండి" అన్నాను.

కాగితం తిరిగి వచ్చింది. ట్విట్టర్, యూట్యూబ్ మూసేశాం. ఆరు వారాలపాటు పేజీలో ఏమీ రాయకుండా, మన ఊరివాళ్ళు మన కొట్టు గురించి ఎక్కడేం అంటున్నారో చదవడం ఒక్కటే పని. చదివింది కౌంటర్లో పనిచేసే అమ్మాయి. రోజుకి పావుగంట. ఆమె రాసిచ్చిన పట్టీ చూసి ఇద్దరం ఆశ్చర్యపోయాం. ధరల గురించి అడిగినవాళ్ళు తక్కువ. ఎక్కువమంది అడిగింది కూరగాయల ట్రక్కు ఏ రోజు వస్తుంది అని! కరివేపాకు, మునక్కాడలు, దొండకాయలు తాజాగా దొరికేది ఎప్పుడో తెలిస్తే చాలు. ఇరవయ్యేళ్ళుగా గురువారం వస్తున్న ట్రక్కు సంగతి అందరికీ తెలుసని బాబాయి అనుకున్నారు. కొత్తగా వచ్చిన హెచ్‌వన్ కుర్రాళ్ళకి ఎవరు చెప్పారు?

తర్వాత రెండు నెలలు అడిగినవాళ్ళకి జవాబివ్వడం మాత్రమే. ఆపైన వారానికి ఒక్క పోస్టు, గురువారం పొద్దున, ట్రక్కు దిగాక తీసిన ఫోటోతో. అమ్మకపు మాట ఏడాది దాకా లేదు. చిన్న కొట్టుకి సోషల్ మీడియా ఖర్చు డబ్బు కాదు, మనిషి. రాత్రి పదింటికి ఎవరో అడిగితే పలికేదెవరు? ముగ్గురు పనిచేసే చోట ఆ మనిషిని తయారు చేసుకోకుండా నాలుగు కిటికీలు తెరిస్తే, నాలుగు కిటికీల్లోంచీ తిట్లే వస్తాయి.

ఇంత చేసీ, నేను ఊహించని చోట ఎదురుదెబ్బ తగిలింది. 2013, 14 వచ్చేసరికి పేజీని అనుసరించేవాళ్ళు బాగా పెరిగారు, పోస్టు చూసేవాళ్ళు మాత్రం తగ్గారు. మితిమీరి ప్రచారం చేసే పోస్టులు 2015 జనవరి నుంచి తక్కువమందికే కనిపిస్తాయని ఫేస్‌బుక్ 2014 నవంబరులో చెప్పింది. 2018 జనవరిలో, ఇకమీదట స్నేహితుల, బంధువుల మాటలకే పెద్దపీట అంది. ఎక్కువమందికి కనపడాలంటే డబ్బు కట్టాలి. నేను ఇదంతా వివరిస్తుంటే బాబాయి మధ్యలో ఆపి, "అద్దె కొట్టని ముందే చెప్పొద్దూ! వ్యాపారం బాగుందని తెలిస్తే ఇంటివాడు అద్దె పెంచడూ?" అన్నారు. నాకంటే ఆయనకే త్వరగా అర్థమైంది. అద్దె పెంచడమే కాదు, ఇల్లే పడగొట్టేవాళ్ళూ ఉన్నారు. భారతదేశంలో ఒకప్పుడు కుర్రకారుని ఊపేసిన ఆర్కుట్‌ని 2014 సెప్టెంబరు 30న గూగుల్ మూసేసింది. యాహూ గ్రూపులు 2020 డిసెంబరులో పోయాయి. అంతకు ముందే వాటిలోని పాత ఉత్తరాలని చెరిపేశారు. అందులో మన తెలుగు సంఘాల చర్చలు, పోట్లాటలు, పెళ్ళి సంబంధాలు ఎన్ని పోయాయో!

ఆ రోజు నుంచి బాబాయి గల్లాపెట్టె పక్కన ఒక పొడుగు నోటుబుక్కు పెట్టారు. వచ్చినవాళ్ళని అడిగి పేరు, ఫోన్ నంబరు తన చేత్తో రాసుకునేవారు. "సొంత స్థలం ఇది" అని దాని పేరు.

ఇక వాట్సాప్. 2009లో పుట్టింది, 2014లో ఫేస్‌బుక్ దాన్ని 1900 కోట్ల డాలర్లకి కొంటున్నానంది, 2018 జనవరిలో చిన్న వ్యాపారాలకి వేరే యాప్ వచ్చింది. మన వ్యాపారులకి దీన్ని ఎవరూ నేర్పలేదు. నాలాంటివాళ్ళు ఏళ్ళ తరబడి చెప్పీ చేయించలేని పని అది ఊరికే చేసింది. ఎందుకంటే ఇండియాలో ఉన్న అమ్మతో, అక్కతో మాట్లాడటానికి అప్పటికే అది అందరి చేతుల్లో ఉంది. గుంటూరు, విజయవాడల్లో ఇంట్లోనే పచ్చళ్ళు పట్టే ఆడవాళ్ళు, మంగళగిరి, పోచంపల్లి చీరలు అమ్మేవాళ్ళు ఫోటోలు పంపడం, ఇక్కడ ఆవిడ పది గుమ్మాలకి ఆ ఫోటో తిప్పడం, పార్శిల్ రావడం. ముందు చుట్టరికం, తర్వాత బేరం. డెల్ కంపెనీ తిట్లు తిని నేర్చుకున్న వరస వీళ్ళకి సహజంగా వచ్చేసింది.

2020 మార్చిలో కోవిడ్‌తో తలుపులు మూతపడ్డప్పుడు బాబాయి కొట్టు నిలబడింది వాట్సాప్ మీదే. జాబితా పంపితే సరుకులు సంచుల్లో కట్టి కారు డిక్కీలో పెట్టేవారు. అబ్బాయి అప్పటికి ఉద్యోగం మానేసి కొట్టు చూసుకుంటున్నాడు. ఈసారి తొందరపడలేదు, తండ్రి దగ్గరే నిదానం నేర్చుకున్నాడు.

2021 అక్టోబరు 4, సోమవారం. బుధవారం ఎంగిలిపూల బతుకమ్మ. ఊళ్ళో తెలంగాణ ఆడపడుచులందరూ బంతిపూలకి, చామంతులకి వాట్సాప్‌లోనే చెప్పి ఉంచారు. తెల్లారితే పూల ట్రక్కు. మధ్యాహ్నానికి కాస్త ముందు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఒక్కసారి మూగబోయాయి. కంపెనీవాళ్ళు తమ రౌటర్ల అమరిక మారుస్తుంటే జరిగిన పొరపాటుతో ప్రపంచమంతటా దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. అబ్బాయి ఫోన్ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. కొత్తగా ఎవరెన్ని కావాలంటున్నారో తెలియదు, టోకు వర్తకుడికి మూడింటిలోగా లెక్క చెప్పాలి.

బాబాయి నోటుబుక్కు తీశారు. కళ్ళజోడు సర్దుకుని మొదటి నంబరు నొక్కారు. "అమ్మా, నేను కొట్టు బాబాయిని. పూలు ఎన్ని పెట్టెలమ్మా?" నేను పక్కన కూర్చుని లెక్క రాశాను. రెండుంబావుకి అయిపోయింది. ఇద్దరు మాత్రం ఎత్తలేదు. వాళ్ళ పేరున చెరో పెట్టె ఎక్కువ చెప్పించారు. మంగళవారం సాయంత్రం ఆ ఇద్దరూ వచ్చి తీసుకున్నారు.