షామిరామ్: పైవాళ్లు వేసిన కుర్చీ

ఈసారి ఆర్మేనియా వెళ్దాం.

సోవియట్ కాలంలో అక్కడి చట్టసభలో దాదాపు మూడో వంతు ఆడవాళ్లే. మాస్కో కోటా అది. 1990లో పోటీ ఎన్నికలు రాగానే కోటా పోయింది, దాంతోపాటే ఆ ఆడవాళ్లూ సభలోంచి మాయమయ్యారు. 1988 భూకంపం, కరాబాఖ్ యుద్ధం, కరెంటు లేని చలికాలాలు. ఇన్ని కష్టాల్లో ఇల్లు నెట్టుకొచ్చిన వాళ్లకు సభలో చోటు లేదు.

1995 జులై 5 ఎన్నికల ముందు షామిరామ్ అనే మహిళా పార్టీ పుట్టింది. పురాణాల్లోని ఒక రాణి పేరది. దాదాపు 17 శాతం ఓట్లతో, పార్టీ జాబితాల్లో పాలక కూటమి తర్వాత రెండో స్థానం! 190 మంది సభలో 8 సీట్లు.

సంబరపడే ముందు ఒక్క ప్రశ్న. ఆ పార్టీ ఎవరిది? బలమైన ప్రతిపక్షం దష్నాక్ పార్టీని అధ్యక్షుడు తెర్ పెత్రోస్యాన్ 1994 డిసెంబరులోనే నిలిపేశాడు. ఖాళీ అయిన చోటులోకి షామిరామ్ వచ్చింది. దాని వెనక సర్కారు పెద్దలే ఉన్నారన్న విమర్శ మొదటినుంచీ ఉంది. ఊళ్లలో సంఘాలు కట్టి, పోరాడి ఎదిగిన పార్టీ కాదది.

1998లో తెర్ పెత్రోస్యాన్ దిగిపోయాడు. 1999 ఎన్నికల్లో షామిరామ్ 5 శాతం గీత కూడా దాటలేదు. ఆ 131 మంది సభలో ఆడవాళ్లు నలుగురే.

ఆ 17 శాతం ఓటు మాత్రం అబద్ధం కాదు. ఆడవాళ్లు సభలో ఉండాలన్న ఆకలి నిజం. ఆ ఆకలిని సంఘంగా మలిచినవాళ్లు లేరు. పైవాళ్లు వేసిన కుర్చీ, పైవాళ్లతోనే పోయింది.