సూదియు, కాపడమును: నెలసరి వైద్యపు చరిత్ర

వరంగల్లు నుండి ఖమ్మము పోవు దారిలో మరిపెడ కలదు. బస్సువారు మరిపెడ బంగ్లా యందురు. 2016 వరకు వరంగల్లు జిల్లాలోనిదై, ఆ యేట జిల్లాల పునర్విభజనలో మహబూబాబాదు జిల్లాకు చేరినది. ప్రత్తి, మిరప పండు నేలలు. ప్రత్తి తీయునప్పుడును, మిరపకాయ కోయునప్పుడును చేలలో నుండువారు ఎక్కువగా స్త్రీలే. నెలకు మూడు నాలుగు దినములు నడుము వంచి పనిచేయుచు వారు పడు బాధను మన భాష చుట్టుదారిన చెప్పును. “ముట్టు” అందురు, “బయట చేరినది” అందురు, “దూరముగా నున్నది” అందురు; నొప్పి యని మాత్రము అనరు. ఆ నొప్పికి మనవారును, పొరుగు దేశమువారును వెదకిన ఉపాయముల కథను శ్రోతలకు కొంత విన్నవింపదలచితిమి.

మన యిండ్లలో వైద్యము బొత్తిగా లేదనుట సరికాదు. పిల్ల పెద్దమనిషి యైనప్పుడు నువ్వులు, బెల్లము దంచి చిమ్మిలి పెట్టుదురు. ఉప్పుమూట వేడిచేసి పొత్తికడుపునకు కాపడము పెట్టుదురు. వామునీరు కాచి త్రాగింతురు. కాపడము విషయమున ముసలమ్మలు పొరబడలేదు. ఆ దినములలో గర్భాశయపు లోపొర నుండి ప్రోస్టాగ్లాండిన్ అను పదార్థములు వెలువడి కండరమును గట్టిగా ముడుచుకొనునట్లు చేయును. నొప్పి కదియే మూలము. వేడి తగిలిన నొప్పి తగ్గునని నేటి పరిశోధనలును చెప్పుచున్నవి. కాపడము పెట్టిన చేతులే పిల్లను చాపతో గూడ వాకిట కూర్చుండబెట్టినవని గూడ చెప్పకతప్పదు.

తెలుగునాట ఈ బాధను బహిరంగముగా పేర్కొని మందు అమ్మినవారిలో మదరాసు డాక్టరు కె. ఎన్. కేసరిగారు ముఖ్యులు. వారి కేసరికుటీరపు “లోధ్ర” స్త్రీల మందుగా ఎన్నో యిండ్లకు చేరినది. లొద్దుగ చెక్కను అధిక రక్తస్రావమునకు వాడుట ఆయుర్వేదమున పాతమాటయే. 1928లో వారు స్త్రీలకై “గృహలక్ష్మి” మాసపత్రికను గూడ స్థాపించిరి. మందు గుణమెట్లున్నను, ఆ మాటను అచ్చులోనికి తెచ్చుట చిన్న పనికాదని మా యభిప్రాయము.

ఇక చీనావారి త్రోవ వేరు. మనము ఆక్యుపంక్చరు అను దానిని వారు రెండు మాటలు కలిపి పిలుతురు: ఒకటి సూది, రెండవది నిప్పు. ఆక్యుపంక్చరు అను లాటిను పేరు పెట్టినవాడు విల్లెం టెన్ రైన్ అను డచ్చి వైద్యుడు. జపానులో డచ్చివారి వర్తకస్థానమున పనిచేసి, చూచినదానిని 1683లో ప్రకటించెను. ఆ పేరులో సూది మాత్రమే మిగిలి నిప్పు పోయినది. నిజమునకు నిప్పు జాడయే మనకు ముందుగా కనబడుచున్నది. 1973లో చాంగ్షా నగరము చెంత మావాంగ్దుయి వద్ద, క్రీస్తుకు పూర్వము 168లో మూసిన సమాధిని త్రవ్వగా పట్టుబట్టపై వ్రాసిన వైద్యగ్రంథములు దొరికినవి. వానిలో దేహమున ప్రాణశక్తి నడచు పదునొకండు నాళముల వర్ణన కలదు. చికిత్స నిప్పుతోనే, సూది మాట లేదు.

ఆ నిప్పుకు వాడునది ఏమి? ఎండిన యొక ఆకు. మన వినాయకచవితి పత్రిలో మొదట వేయు మాచిపత్రికి అది దగ్గరి చుట్టము. ఆ ఆకును నలిపి, దూదివలె చేసి, చుట్టగా చుట్టి, ముట్టించి, చర్మమునకు కొంచెము ఎడముగా పట్టి వెచ్చచేయుదురు. పూర్వము చర్మముపైననే కాల్చి మచ్చపడునట్లు చేయుటయు కలదు. మన పల్లెలలో పసిపిల్లలకు పెట్టు వాతలు దాని వంటివే. అవి పుండ్లకును ప్రాణాపాయమునకును దారితీయును గనుక వానిని మేమెన్నడును సమర్థింపము.

స్త్రీల వ్యాధులను చీనా వైద్యులు తక్కువగా చూడలేదు. ఏడవ శతాబ్దిలో సున్ సిమియావో తన మహాగ్రంథమున స్త్రీల చికిత్సలనే ముందుగా చేర్చెను. 1237లో చెన్ జిమింగ్ స్త్రీవైద్యమునకే ప్రత్యేకముగా పెద్ద గ్రంథము వ్రాసెను. నెలసరి బాధకు వారు ఎక్కువగా ఎన్నుకొను స్థానము కడుపుపై లేదు, కాలిపై కలదు. లోపలి చీలమండకు నాలుగు వ్రేళ్ల వెడల్పు పైన, ఎముక వెనుక నున్న ఆ చోటిని మూడు “యిన్” నాళములు కలియు చోటందురు. సూది లేకున్నను బొటనవ్రేలితో నొక్కవచ్చునందురు. గర్భవతులకు మాత్రము అచ్చట సూది వేయరాదని పాత గ్రంథముల నిషేధము.

ఈ విద్య మన దేశమునకు వచ్చిన కథలో యుద్ధమున్నది. 1938లో జపాను దండయాత్రకు గురియైన చీనాకు కాంగ్రెసువారు ఐదుగురు వైద్యులను పంపిరి. వారిలో షోలాపురము వాస్తవ్యుడు ద్వారకానాథ కోట్నీసు 1942లో అచ్చటనే కన్నుమూసెను. తెలంగాణమునుండి పద్మశాలి కుటుంబములు మగ్గములతో తరలిపోయి స్థిరపడిన షోలాపురమే అది. ఆ ఐదుగురిలో మరియొకడైన విజయకుమార బసు తరువాత చీనాకు మరల పోయి సూదివైద్యము నేర్చి, 1959లో కలకత్తాలో దానిని ప్రారంభించెను. 2003 నవంబరులో భారత ప్రభుత్వము దానిని ప్రత్యేక వైద్యశాస్త్రముగా గాక, చికిత్సా పద్ధతిగా గుర్తించుచు ఉత్తరువు వెలువరించెను.

గుణమున్నదా యని శ్రోతలడుగుదురు. 2016లో కాక్రేను సంస్థవారు నెలసరి నొప్పిపై జరిగిన 42 పరీక్షలను, సుమారు 4,600 మంది స్త్రీల వివరములను పరిశీలించిరి. పరీక్షల నాణ్యము తక్కువగా నున్నందున గుణము నిశ్చయముగా చెప్పజాలమనిరి. సూది మంత్రమనువారును, మోసమనువారును ఇరువురును తొందరపడుచున్నారని మేము తలతుము. వ్యాయామమునకు గల సాక్ష్యము కొంత మెరుగు: వారమునకు మూడు మారులైన, ముప్పావుగంటకు తగ్గకుండ. మరిపెడ చేలలో దినమెల్ల వంగియుండు స్త్రీకి ఈ సలహా చెప్పుటకు మాకు నోరురాదు. ఆమెకు కావలసినది విశ్రాంతి, చిమ్మిలి, ఇనుము మాత్రలు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనులని తేలినది.

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చుచున్నాము. 2015-16 సర్వేలో అదే వయసు స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున నూటికి 3.2. ఆంధ్రప్రదేశమున 8.9, తెలంగాణమున 7.7. మనలను మించిన రాష్ట్రము లేదు. అధిక రక్తస్రావము, కడుపునొప్పి, “ఇక బిడ్డలు వద్దుగదా” అను మాట. ఇంతతోనే నలువది యేండ్లు నిండనివారు గూడ శస్త్రచికిత్సకు ఒప్పుకొనుట కలదు. కొన్ని రోగములకు అది తప్పదు. ఏడు దినములు మించిన రక్తస్రావము, గంట రెండు గంటలకే గుడ్డ తడిసిపోవుట, ఏటేట పెరుగు నొప్పి యున్నచో సూదివానియొద్దకు గాక మొదట స్త్రీవైద్యురాలి యొద్దకు పోవలెను. అండాశయములను గూడ తీసినచో చిన్నవయసుననే ఎముకలు పెళుసగును, గుండెకును చెరుపు. ఆ మాట ముందుగా చెప్పువారు అరుదు.

బీహారు, రాజస్థానము, ఛత్తీసుగఢములలో జరిగిన అనవసర శస్త్రచికిత్సలపై 2013లో వచ్చిన వ్యాజ్యమున సుప్రీముకోర్టు 2023 ఏప్రిలులో తీర్పు చెప్పెను. కేంద్రప్రభుత్వపు మార్గదర్శకములను మూడు నెలలలో అమలు పరుపవలెనని అన్ని రాష్ట్రములను ఆజ్ఞాపించెను. వాని ప్రకారము, నలువది యేండ్లలోపు స్త్రీకి గర్భసంచి తీసిన ప్రతి ఆసుపత్రియు, ప్రభుత్వముదైనను ప్రైవేటుదైనను, కారణముతో గూడ ఆ వివరమును జాబితాలో వ్రాసి యుంచవలెను.