ఇంటిపేరు హైలక్స్

పెనాంగ్ దీవి మీది జార్జ్ టౌన్‌లో ఏ విడిభాగాల దుకాణానికైనా వెళ్ళి "హైలక్స్‌కి హెడ్‌లైటు కావాలి" అని అడిగి చూడండి. కౌంటరు వెనకున్న మనిషి కుర్చీలోంచి లేవడు. "వీగో కె రెవో?" అంటాడు. వీగోనా, రెవోనా అని. తమాషా ఏమిటంటే, టొయోటా ఈ బండిని మలేషియాలో ఉత్త "హైలక్స్"గానే అమ్ముతూ వచ్చింది. కంపెనీ ఇక్కడ పెట్టని పేరు లేకుండా ఇక్కడ హెడ్‌లైటు దొరకదన్నమాట!

ఈ ఊరికి ఇదేమీ కొత్త కాదు లెండి. 1786లో ఫ్రాన్సిస్ లైట్ ఈ దీవి మీద దిగి, ఊరికి మూడో జార్జి రాజు పేరు పెట్టాడు. మలయులు దాన్ని తంజుంగ్ అనే పిలుచుకున్నారు. నార్తమ్ రోడ్డు జలాన్ సుల్తాన్ అహ్మద్ షా అయింది. హొక్కియన్ మాట్లాడే చీనావాళ్ళకి మాత్రం అది "ఆంగ్ మో లో", అంటే తెల్లవాళ్ళ రోడ్డు. గ్రీన్ లేన్‌కి జలాన్ మస్జిద్ నెగెరి అని బోర్డు పెట్టినా జనం నోట్లో గ్రీన్ లేన్ అలాగే ఉంది. బోర్డు మీది పేరొకటి, నోటి పేరొకటి. పికప్ బండ్ల చరిత్ర కూడా ఇంతే.

హైలక్స్ మొదటిసారి 1968లో వచ్చింది. "హై", "లగ్జరీ" అన్న రెండు మాటలు కలిపి చేసిన పేరు అది. అప్పటినుంచి తరాలు మారుతున్నా పేరు మారలేదు. అమ్మేవాడికి అది లాభమే. కొనేవాడికీ, బాగుచేసేవాడికీ అదే చిక్కు. ఏ తరం బండో చెప్పకపోతే ఏ భాగమూ అతకదు.

ఆ చిక్కు తీర్చింది పొరుగున ఉన్న థాయిలాండ్. అక్కడ టొయోటా ఒక్కో తరానికి ఒక్కో పిలుపు పేరు పెట్టి అమ్మింది. మైటీ ఎక్స్, టైగర్, 2004లో వీగో, 2015లో రెవో, 2025లో ట్రావో. పెనాంగ్ నుంచి థాయ్ సరిహద్దు కారులో కొద్ది గంటల దూరమే. ఆ పేర్లు ఏ పాస్‌పోర్టూ లేకుండా సరిహద్దు దాటి మలేషియా మెకానిక్కుల నోళ్ళలో స్థిరపడ్డాయి.

అంతకు ముందు తరాల బండ్లకి ఇక్కడ పిలుపు పేరు కంటే నెంబరే ముద్దుపేరు. 1988లో మొదలైన అయిదో తరంలో ఎల్.ఎన్.106 అని ఒక డీజిల్ మోడల్ ఉంది. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందుతుంది, ముందువైపు కూడా ఒకే గట్టి ఇరుసు, పట్టీల స్ప్రింగులు. బురదలో, అడవిలో తిరిగేవాళ్ళు ఆ నెంబరును మన పాతకాలం వాళ్ళు ఒంగోలు గిత్త పేరు చెప్పినంత గౌరవంతో చెబుతారు. నిజానికి అది ఫ్యాక్టరీ కోడ్. ఎల్ అంటే ఎల్ శ్రేణి ఇంజను, ఎన్ అంటే హైలక్స్ వంశం. వీగోలో కె.డి. ఇంజను వచ్చాక అదే పద్ధతిలో కె.యు.ఎన్. అయింది, రెవోలో జి.డి. ఇంజను వచ్చాక జి.యు.ఎన్. అయింది. ఇంజను గదిలో బిగించిన చిన్న రేకు ప్లేటు మీద ఈ కోడ్ ఉంటుంది. అభిమానులు ఆ రేకును జాతకచక్రంలా చదువుతారు.

ఫోర్డ్ రేంజర్ కథ ఇంకా సరదాగా ఉంటుంది. 2011 నాటి రేంజర్‌కి ఫోర్డ్ లోపల పెట్టుకున్న కోడ్ టి6. 2015లో ముఖం మార్చారు, 2018లో ఇంకోసారి కొన్ని మార్పులు చేశారు. కంపెనీ లెక్కలో అన్నీ టి6 వేదిక మీది బండ్లే. మలేషియా, థాయిలాండ్ జనం ఊరుకోలేదు. ఆరు తర్వాత ఏడు కదా అని 2015 బండిని టి7 అన్నారు, 2018 దాన్ని టి8 అన్నారు. బంపర్లు, గ్రిల్లులు అమ్మేవాళ్ళు పెట్టెల మీద అచ్చువేశారు. అవే మూడు బండ్లను ఆస్ట్రేలియాలో పి.ఎక్స్. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టారు.

నేను సాఫ్ట్‌వేర్ వృత్తిలో ఉన్నవాణ్ణి కనక ఇది నాకు బాగా తెలిసిన జబ్బులా అనిపిస్తుంది. ప్రోగ్రాము రాసేవాడికి లోపల ఎంత మారిందన్నదే లెక్క. వాడేవాడికి కంటికి ఎంత మారిందన్నదే లెక్క. రెండు లెక్కలూ నిజమే. రెండిటినీ కలిపే పట్టిక ఒకటి ఎక్కడో ఉండాలి, అంతే. ఆ పట్టిక ఇక్కడ మెకానిక్కుల తలల్లో ఉంది.

అమెరికాలో ఈ సంగతి మరీ విడ్డూరం. 1973లో వచ్చిన జనరల్ మోటార్స్ పికప్పులకి కంపెనీ పెట్టుకున్న పేరు "రౌండెడ్ లైన్", అంటే గుండ్రటి గీత. జనం స్థిరపరిచిన పేరు "స్క్వేర్ బాడీ", అంటే చదరపు ఒళ్ళు! 1988లో వచ్చిన తరువాతి తరాన్ని "పాత ఒంటి తీరు" అంటారు. అది కొత్తగా ఉన్నరోజుల్లో ఆ పేరు ఎవరూ పెట్టి ఉండరు. కొత్తది వచ్చాకే పాతదానికి ఆ పేరు వచ్చింది. తరాల పేర్లు చాలావరకు ఇలా వెనక్కి తిరిగి చూసి పెట్టినవే.

పేరు మారితే బండి మారిందని అనుకోనక్కర్లేదు కూడా. 2002లో ప్రోటాన్ తన విరా కారు నుంచి అరేనా అనే చిన్న పికప్పు తయారుచేసింది. ఆస్ట్రేలియాలో అదే బండి జంబక్. అక్కడి వాడుకలో గొర్రె అని అర్థం. మన దేశంలో 2005లో వచ్చిన టాటా ఏస్ హైదరాబాదులో ఛోటా హాథీ అయింది, తమిళనాట కుట్టి యానై అయింది. మలేషియా గొర్రె ఆస్ట్రేలియాలో, మన ఏనుగు పిల్ల ఇంటి దగ్గర!

ఇంతకీ, పికప్ పేర్లకు ఇంత పట్టింపు ఎందుకు? ఇది చాలా ఏళ్ళు బతికే బండి, చేతులు మారే బండి. ఆయిల్ పామ్ తోటల్లో ఎరువులు మోసి, పట్నంలో షోకు చేసి, మళ్ళీ ఏ పల్లెకో చేరుతుంది. 2024 జూన్ 10న ద్వీపకల్ప మలేషియాలో డీజిల్ లీటరు 2.15 రింగిట్ల నుంచి ఒక్కసారిగా 3.35కి పెరిగినా పాత పికప్పులు రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి. అన్నేళ్ళు బతికేదానికి వంశవృక్షం తెలియకపోతే బాగుచేయడం కుదరదు.

ఈ మాట రాస్తుంటే నా మనసు బండ్ల మీంచి మనుషుల మీదికి పోతోంది. పందొమ్మిదో శతాబ్దం చివరా, ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనూ ఉత్తరాంధ్ర నుంచీ, గోదావరి వైపు నుంచీ మనవాళ్ళు ఓడలెక్కి ఇక్కడి కెడా, పేరాక్ తోటల్లో పనికి వచ్చారు. ఎస్టేటు రిజిస్టర్లలో పేరు, తండ్రి పేరు ఎక్కాయి. ఇంటిపేరుకు అక్కడ గడి లేదు. ఇప్పటికీ గుర్తింపు కార్డుల్లో పేరు తర్వాత "ఎ/ఎల్" అని ఉంటుంది. అనక్ లెలాకి, అంటే కొడుకు. కూతురైతే "ఎ/పి". ఆ తర్వాత తండ్రి పేరు. అప్పలస్వామి కొడుకు రాములు, రాములు కొడుకు ఇంకొకరు. ప్రతి తరానికీ గొలుసులో ఒక కొత్త కడియం చేరుతుంది, వెనకది ఒకటి జారిపోతుంది. మూడు తరాలు దాటితే ఎవరు ఎవరి వాళ్ళో కాగితం చెప్పదు.

హైలక్స్‌కి కంపెనీ ఇంటిపేరు ఒక్కటే ఇచ్చింది, తరం పేరు జనం చేర్చుకున్నారు. మనవాళ్ళకి కాగితం తరం పేరు మాత్రమే ఇచ్చింది, ఇంటిపేరు చేర్చుకోవలసింది మనవాళ్ళే. పెళ్ళి సంబంధాల కోసం కొన్ని కుటుంబాలు దాన్ని నోటిమాటగా నిలుపుకున్నాయి. చాలావాటిలో అది ముసలివాళ్ళతోనే పోయింది.

ఎల్.ఎన్.106కీ ఎల్.ఎన్.166కీ తేడా గడగడా చెప్పే తెలుగు కుర్రాళ్ళు ఈ చుట్టుపక్కల ఉన్నారు. ముత్తాత ఇంటిపేరు అడిగితే నవ్వేసి ఊరుకుంటారు. అది వాళ్ళ తప్పు కాదు. బండికి రేకు ప్లేటు ఉంది, తాతకి లేదు. మన పెద్దవాళ్ళు ఉండగానే ఒక నోటు పుస్తకం తీసి ఇంటిపేరు, స్వంత ఊరు, ఓడెక్కిన రేవు, దిగి పనిచేసిన తోట, ఈ నాలుగూ రాసిపెట్టుకుంటే చాలు. ఒక్క సాయంత్రం పని.