వ్యాపార సమాచారం క్లౌడ్‌లో: లాభం ఎంత, ముప్పు ఎక్కడ?

2022 నవంబరు 23 ఉదయం ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రిలో కంప్యూటర్లపై ఆధారపడిన పనులు ఒక్కసారిగా నిలిచిపోయాయి. ర్యాన్సమ్‌వేర్ దాడి కారణంగా సర్వర్లలోని సమాచారం తెరవడానికి వీలులేని రూపంలోకి మారిపోయింది. రోగుల నమోదు, చేరికలు, డిశ్చార్జి పత్రాలు అన్నీ చేతిరాతతోనే సాగవలసి వచ్చింది. అయిదు సర్వర్లు దెబ్బతిన్నాయని, సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం ఎన్‌క్రిప్ట్ అయిందని, నెట్‌వర్క్‌ను సరైన రీతిలో విభాగాలుగా వేరు చేయకపోవడం వల్లనే ఈ చొరబాటు సాధ్యమైందని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. 1.3 టెరాబైట్లు అంటే నేడు బజారులో దొరికే ఒకే ఒక హార్డ్ డిస్క్‌లో ఇమిడిపోయే పరిమాణం. అంతమాత్రం సమాచారం అందకుండా పోయినందుకు దేశంలోనే అగ్రశ్రేణి ఆసుపత్రి ప్రధాన సేవలను పునరుద్ధరించుకోవడానికి రెండు వారాలు పట్టింది.

ఈ ఘటనలో గమనించవలసిన అంశాలు రెండు. దాడికి గురైనవి ఎక్కడో దూరాన ఉన్న క్లౌడ్ సర్వర్లు కావు. ఎయిమ్స్ స్వయంగా నిర్వహించుకుంటున్న వ్యవస్థలే. కనుక సమాచారం తమ ప్రాంగణంలోనే ఉంటే భద్రంగా ఉంటుందన్న నమ్మకానికి ఇది గట్టి దెబ్బ. రెండవది, ఇ-హాస్పిటల్ సమాచారం మొత్తం తిరిగి లభించింది. దాడి చేరుకోలేకపోయిన ఒక బ్యాకప్ సర్వర్ అందుకు కారణం. ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్, ఫరీదాబాద్, ఘజియాబాద్‌లలోని చిన్న, మధ్యతరహా సంస్థలు తమ లెక్కలను, బిల్లులను, ఖాతాదారుల వివరాలను క్లౌడ్‌కు తరలించే ముందు ఈ రెండవ అంశాన్ని లోతుగా పరిశీలించవలసి ఉంది.

క్లౌడ్ స్టోరేజీ అంటే ఆకాశంలో ఉండేది కాదు. వేరొక సంస్థకు చెందిన డేటా సెంటర్‌లోని డిస్కులను ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడుకోవడం. విద్యుత్తు, శీతలీకరణ, కాపలా, పాడైన డిస్కుల మార్పిడి ఆ సంస్థ బాధ్యత. వాడుకున్నంత మేరకు నెలనెలా చెల్లించడం ఖాతాదారు బాధ్యత. దేశ రాజధాని ప్రాంతంలో ఈ సదుపాయం ఇటీవలి కాలంలోనే దగ్గరైంది. గూగుల్ 2021 జులైలో ఢిల్లీ పరిసరాల్లో తన క్లౌడ్ కేంద్ర సముదాయాన్ని ప్రారంభించింది. 2022 అక్టోబరులో గ్రేటర్ నోయిడాలో యోట్టా సంస్థ డేటా సెంటర్ మొదలైంది. ప్రభుత్వ శాఖల కోసం నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ ‘మేఘరాజ్’ పేరిట జాతీయ క్లౌడ్‌ను 2014లోనే ఆరంభించింది.

ఈ ప్రాంతపు వ్యాపారులకు క్లౌడ్ వల్ల కలిగే మేలు ఏమిటన్నది రాజధాని నైసర్గిక పరిస్థితులను చూస్తే అర్థమవుతుంది. 2023 జులై 13న ఢిల్లీలో యమునా నది నీటిమట్టం 208.66 మీటర్లకు చేరింది. 1978 నాటి 207.49 మీటర్ల రికార్డును అది దాటిపోయింది. కశ్మీరీ గేట్, సివిల్ లైన్స్, ఎర్రకోట వెనుక రింగ్ రోడ్డు, ఐటీఓ పరిసరాలు జలమయమయ్యాయి. వరద రాకపోయినా గంటసేపు కురిసే కుండపోత వానకే సెల్లారులు నిండే నగరమిది. ఎన్నో కార్యాలయాలు, గోదాములు, పాత దస్త్రాల బీరువాలు ఆ సెల్లారుల్లోనే ఉంటాయి. దానికి తోడు ఢిల్లీ ప్రాంతం చాలాకాలంగా భూకంప ముప్పు అధికంగా ఉన్న మండలంగా గుర్తింపు పొందింది. 2025 ఫిబ్రవరి 17 తెల్లవారుజామున ధౌలా కువా కేంద్రంగా 4.0 తీవ్రతతో భూమి కంపించి నగరవాసులను నిద్రలేపింది.

విద్యుత్తు మరో చిక్కు. సొంత సర్వర్ గది అంటే ఏసీ, యూపీఎస్, వాటికి దన్నుగా డీజిల్ జనరేటర్ తప్పవు. వాయుకాలుష్యాన్ని అరికట్టేందుకు గాలి నాణ్యత నిర్వహణ కమిషన్ 2023 అక్టోబరు నుంచి రాజధాని ప్రాంతంలో డీజిల్ జనరేటర్ల వాడకంపై కఠిన నిబంధనలు అమలుచేస్తోంది. పదిమంది ఉద్యోగులున్న ఓఖ్లా పరిశ్రమకో, లక్ష్మీనగర్‌లోని చార్టర్డ్ అకౌంటెంట్ కార్యాలయానికో ఈ ఏర్పాట్లన్నీ భారమే. పెద్ద పెట్టుబడి లేకుండా, అవసరం పెరిగినకొద్దీ చోటు పెంచుకునే వీలు క్లౌడ్ కల్పిస్తుంది. ఢిల్లీలో ఒక ప్రతి, వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరాన హైదరాబాదులోనో ముంబయిలోనో మరొక ప్రతి ఉంచుకోవడం ఒకప్పుడు బ్యాంకులకు, పెద్ద కంపెనీలకు మాత్రమే సాధ్యమయ్యేది. అమెజాన్ 2016లో ముంబయిలో, 2022 నవంబరులో హైదరాబాదులో క్లౌడ్ కేంద్రాలను నెలకొల్పిన తరువాత చిన్న సంస్థలకు కూడా ఆ వెసులుబాటు లభించింది.

చట్టం కూడా బ్యాకప్‌ను ఐచ్ఛికంగా వదిలివేయలేదు. జీఎస్టీ చట్టం ప్రకారం వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు లెక్కలను భద్రపరచాలి. ప్రమాదం వల్లనో ప్రకృతి వైపరీత్యం వల్లనో ఎలక్ట్రానిక్ రికార్డులు నశిస్తే సహేతుకమైన వ్యవధిలో తిరిగి పొందగలిగేలా బ్యాకప్ ఉంచాలని జీఎస్టీ నిబంధనలు స్పష్టం చేస్తున్నాయి. కంపెనీల విషయంలో నియమం మరింత కఠినం. ఎలక్ట్రానిక్ రూపంలోని లెక్కల పుస్తకాల బ్యాకప్‌ను భారతదేశంలో భౌతికంగా ఉన్న సర్వర్లలో ప్రతిరోజూ భద్రపరచాలని 2022 ఆగస్టులో కంపెనీల లెక్కల నిబంధనలను సవరించారు. అంతకు ముందు ‘నిర్ణీత కాలానికి ఒకసారి’ అని మాత్రమే ఉండేది. విదేశీ సర్వర్లలో లెక్కలు నడిపే సంస్థలు ఈ ఒక్క మాట మార్పును విస్మరించరాదు.

క్లౌడ్ కూలిపోయిన సందర్భాలు

సేవాసంస్థల ప్రకటనల్లో కనిపించే అంకెలను జాగ్రత్తగా చదవాలి. అమెజాన్ తన ఎస్3 స్టోరేజీని ఏడాదికి 99.999999999 శాతం మన్నిక లక్ష్యంగా రూపొందించినట్లు చెబుతుంది. డిస్కులు పాడైనందువల్ల ఫైలు పోకుండా ఉండేందుకు చేసిన ఏర్పాటు అది. ఖాతాదారు ఉద్యోగి పొరపాటున చెరిపివేసినా, దొంగిలించిన పాస్‌వర్డ్‌తో మరొకరు చెరిపివేసినా ఆ పదకొండు తొమ్మిదులు అక్కరకు రావు. అదేవిధంగా, నెలలో 99.9 శాతం సేవ అందుబాటులో ఉంటుందన్న హామీ ఉంటే, ముప్పై రోజుల్లో సుమారు 43 నిమిషాల అంతరాయం ఆ హామీకి లోబడే ఉన్నట్లు లెక్క. హామీ తప్పితే సాధారణంగా లభించేది తదుపరి బిల్లులో కొంత తగ్గింపు మాత్రమే. ఆగిపోయిన వ్యాపారానికి నష్టపరిహారం కాదు.

2024 మే నెలలో ఆస్ట్రేలియాలో జరిగిన ఘటన ఇందుకు ఉదాహరణ. ఆరు లక్షల మందికి పైగా సభ్యులున్న యూనిసూపర్ పింఛను నిధి గూగుల్ క్లౌడ్‌పై నడుస్తోంది. ఏర్పాటు సమయంలో దొర్లిన ఒక లోపం వల్ల ఆ సంస్థకు చెందిన ప్రైవేటు క్లౌడ్ చందా మొత్తం రద్దయి, దానిలోని వ్యవస్థలు చెరిగిపోయాయి. సభ్యులు సుమారు వారం రోజుల పాటు తమ ఖాతాలను చూసుకోలేకపోయారు. వేరొక సేవాసంస్థ వద్ద కూడా బ్యాకప్ ఉంచుకోవడం పునరుద్ధరణకు తోడ్పడిందని ఇరు సంస్థలూ ప్రకటించాయి.

దక్షిణ కొరియాకు ఆ అదృష్టం దక్కలేదు. 2025 సెప్టెంబరు 26న డేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీల నుంచి మంటలు చెలరేగాయి. ప్రభుత్వోద్యోగులు దస్త్రాలు దాచుకునే ‘జీ-డ్రైవ్’ క్లౌడ్‌లోని 858 టెరాబైట్ల సమాచారం కాలిపోయింది. పరిమాణం చాలా పెద్దదన్న కారణంతో వెలుపల బ్యాకప్ ఉంచలేదు. దస్త్రాలను సొంత కంప్యూటర్లలో కాక ఆ క్లౌడ్‌లోనే ఉంచాలని ఉద్యోగులకు ప్రభుత్వమే చెప్పి ఉండటం ఇక్కడి విషాదం.

రాజధాని ప్రాంతానికి మరింత సన్నిహితమైనది నయారా ఎనర్జీ ఉదంతం. రష్యాకు చెందిన రాస్‌నెఫ్ట్‌కు దాదాపు 49 శాతం వాటా ఉన్న ఈ చమురుశుద్ధి సంస్థపై ఐరోపా సమాఖ్య 2025 జులై 18న ఆంక్షలు విధించింది. కొద్ది రోజులకే మైక్రోసాఫ్ట్ తన సేవలను నిలిపివేసింది. రుసుము పూర్తిగా చెల్లించినప్పటికీ తమ సొంత సమాచారమే తమకు అందకుండా పోయిందని నయారా సంస్థ ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. జులై 30 నాటికి సేవలు పునరుద్ధరణ అయ్యాయి. ఇక్కడ డిస్కు పాడుకాలేదు, అగ్ని ప్రమాదం జరగలేదు, హ్యాకర్లు లేరు. ఎక్కడో తీసుకున్న రాజకీయ నిర్ణయం భారతదేశంలో పనిచేస్తున్న సంస్థ ఈమెయిళ్లకు అడ్డుపడింది. సర్వర్ దేశంలోనే ఉన్నా, దాని తాళం ఏ దేశపు చట్టానికి లోబడిన సంస్థ చేతిలో ఉన్నదన్న ప్రశ్న ఈ వ్యాజ్యంతో ముందుకు వచ్చింది. పెద్ద సంస్థకు హైకోర్టు తలుపు తట్టే స్తోమత ఉంది. చాందినీ చౌక్ టోకు వర్తకుడికి ఆ అవకాశం ఎంతవరకు ఉంటుందన్నది వేరే చర్చ.

ఇంటర్నెట్ లేనిదే క్లౌడ్ లేదు. 2021 జనవరి 26న రైతుల ట్రాక్టర్ ర్యాలీ సందర్భంగా సింఘూ, టిక్రీ, ఘాజీపూర్ తదితర ప్రాంతాల్లో ఇంటర్నెట్‌ను నిలిపివేశారు. 2023 ఆగస్టు మొదటి వారంలో నూహ్ ఘర్షణల నేపథ్యంలో ఫరీదాబాద్, పల్వల్‌తో పాటు గురుగ్రామ్ జిల్లాలోని మానేసర్, సోహ్నా, పటౌడీలలో మొబైల్ ఇంటర్నెట్ ఆగిపోయింది. మొబైల్ ఫోన్‌తోనే బిల్లులు వేసే చిన్న దుకాణాలకు అటువంటి రోజుల్లో క్లౌడ్‌లోని జాబితా ఉన్నా లేనట్లే.

బాధ్యత బదిలీ కాదు

సమాచారాన్ని వేరొకరి వద్ద ఉంచితే బాధ్యత కూడా వారిదేనన్న భావన వ్యాపార వర్గాల్లో బలంగా ఉంది. చట్టం అలా చెప్పడం లేదు. 2021లో ఎయిరిండియా ప్రయాణికుల సమాచారం బయటపడిన ఉదంతాన్ని గుర్తుచేసుకోవచ్చు. చొరబాటు జరిగింది ఎయిరిండియా కంప్యూటర్లలో కాదు. ప్రయాణికుల సేవల వ్యవస్థను నిర్వహించే సీటా అనే సంస్థ వద్ద. 2011 ఆగస్టు నుంచి 2021 ఫిబ్రవరి మొదటి వారం వరకు నమోదైన దాదాపు 45 లక్షల మంది వివరాలు ప్రభావితమయ్యాయి. ప్రయాణికులకు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది మాత్రం విమానయాన సంస్థే.

2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ఇదే సూత్రాన్ని శాసనంగా మార్చింది. ఖాతాదారుల సమాచారాన్ని సేకరించిన సంస్థ, దాని నిర్వహణను ఎవరికి అప్పగించినా, తానే జవాబుదారీ. తగిన భద్రతా ఏర్పాట్లు చేయనట్లు తేలితే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. సైబర్ ఘటనలను గుర్తించిన ఆరు గంటల్లో తెలియజేయాలని, లాగ్‌లను 180 రోజుల పాటు భద్రపరచాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాలు ఇప్పటికే ఉన్నాయి. ఆ లాగ్‌లు క్లౌడ్ సంస్థ వద్ద ఎన్ని రోజులు నిలువ ఉంటాయో తెలియకుండా చందా తీసుకోవడం ప్రమాదకరం. చాలా సేవల్లో ఆ గడువును ఖాతాదారే అమర్చుకోవాలి.

ఒక అపోహను ఇక్కడ ప్రస్తావించక తప్పదు. కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ను క్లౌడ్‌తో సింక్ చేసి, అదే బ్యాకప్ అనుకునే కార్యాలయాలు ఎన్నో ఉన్నాయి. సింక్ చేసే పని రెండు చోట్లా ఒకే రూపం ఉండేలా చూడటం. కంప్యూటర్‌లోని ఫైలును ర్యాన్సమ్‌వేర్ పాడుచేస్తే, పాడైన ఫైలే క్లౌడ్‌కూ చేరుతుంది. పాత ప్రతులను నిర్ణీత కాలం పాటు నిలిపి ఉంచే ఏర్పాటు, ఆ గడువు లోపల ఎవరూ మార్చడానికీ చెరపడానికీ వీలులేని నిలువ విధానం ఉంటేనే అది బ్యాకప్ అనిపించుకుంటుంది. ఎయిమ్స్‌ను ఆదుకున్నది, యూనిసూపర్‌కు తోడ్పడినది అటువంటి విడి ప్రతే. అదే లాగిన్‌తో, అదే అడ్మిన్ పాస్‌వర్డ్‌తో తెరుచుకునే రెండవ ప్రతి ఎంత దూరాన ఉన్నా విడి ప్రతి కాదు.

ఖర్చు విషయంలోనూ ఒక మెలిక ఉంది. సమాచారాన్ని క్లౌడ్‌లోకి చేర్చడం సాధారణంగా ఉచితం. పెద్దమొత్తంలో బయటకు తీసుకోవడానికి రుసుము ఉంటుంది. తమ సేవలను పూర్తిగా వదిలివెళ్లే ఖాతాదారుల నుంచి ఈ రుసుము వసూలు చేయబోమని గూగుల్, అమెజాన్, మైక్రోసాఫ్ట్ 2024 తొలి నెలల్లో ప్రకటించాయి. అయితే రోజువారీ వాడకంలో బయటకు తీసుకునే సమాచారానికి ఇది వర్తించదు. ఒప్పందం ముగిశాక సమాచారం ఎన్ని రోజులు నిలువ ఉంటుంది, ఏ రూపంలో తిరిగి ఇస్తారు అన్న వివరాలు ధరల పట్టికలో కనిపించవు. ఒప్పంద పత్రంలో వెదకాలి. చిన్న సంస్థలకు ఒప్పందం మార్పించుకునే శక్తి ఉండదు కాబట్టి, వారానికొకసారి హార్డ్ డిస్క్‌లోకి ప్రతి తీసి, డిస్కును కంప్యూటర్ నుంచి వేరుచేసి, మరొక చోట ఉంచడం వారికి అందుబాటులో ఉన్న మార్గం. డిస్కు ఖరీదు కొన్ని వేల రూపాయలకు మించదు. మూడు నెలలకొకసారి ఆ ప్రతి నుంచి ఒక నెల లెక్కలను ఖాళీ కంప్యూటర్‌లో తెరిచి చూడటం అంతకంటే ముఖ్యం. తెరవని బ్యాకప్ పనిచేస్తుందో లేదో అవసరం వచ్చే వరకు ఎవరికీ తెలియదు.

వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం కింద నిబంధనలను కేంద్ర ప్రభుత్వం 2025 నవంబరులో నోటిఫై చేసింది. సంస్థలపై ప్రధాన బాధ్యతలు 18 నెలల వ్యవధి తరువాత, అంటే 2027 మే నెలలో అమల్లోకి వస్తాయి. క్లౌడ్ ఒప్పందాలు చాలావరకు ఏడాదికొకసారి పునరుద్ధరించుకునేవే. కనుక ఆ గడువుకు ముందు వచ్చే పునరుద్ధరణ సమయమే సర్వర్ల స్థానం, లాగ్‌ల గడువు, నిష్క్రమణ షరతులను సేవాసంస్థతో రాతపూర్వకంగా తేల్చుకోవడానికి ఈ ప్రాంత వ్యాపార సంస్థలకు లభించే అవకాశం.