లైబ్రరీలో ఫ్రీ ఇంటర్నెట్.. ఏది ఓపెన్? ఏది బ్లాక్? రూల్స్ ఏం చెబుతున్నాయి?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం లాంటి పట్టణాల్లో ఇంట్లో కంప్యూటర్ లేనివాళ్లు చాలామందే ఉన్నారు. హాల్‌టికెట్ తీసుకోవాలన్నా, గ్రూప్స్ నోటిఫికేషన్ పూర్తిగా చదవాలన్నా నెట్ సెంటర్‌కి డబ్బులు కట్టాలి, లేదంటే లైబ్రరీకి వెళ్లాలి. లైబ్రరీలో కంప్యూటర్ పెట్టినా, వైఫై ఇచ్చినా వచ్చే ప్రశ్న ఒక్కటే. అన్ని సైట్లూ వదిలేయాలా? కొన్నింటికి తాళం వేయాలా?

జనం డబ్బుతో నడిచేదే

ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం 1960లో వచ్చింది. దీని ప్రకారం ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్ వసూలవుతుంది. జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఇదే ప్రధాన ఆదాయం. అంటే ఇంటి పన్ను కట్టే ప్రతి కుటుంబానికీ ఈ సర్వీసుపై హక్కుంది.

కోర్టులు ఏమన్నాయి?

ఇంటర్నెట్ ద్వారా భావప్రకటనకు రాజ్యాంగంలోని 19(1)(ఏ) రక్షణ ఉంటుందని సుప్రీంకోర్టు 2020 జనవరిలో అనురాధా భాసిన్ కేసులో చెప్పింది. అంతకుముందు 2019లో కాలేజీ హాస్టల్ మొబైల్ ఆంక్షల కేసులో కేరళ హైకోర్టు ఇంకో మాట చెప్పింది. ఇంటర్నెట్ వాడుకునే హక్కు విద్యాహక్కులో, గోప్యత హక్కులో భాగమేనంది.

అలాగని అన్నీ ఓపెన్ కాదు. పిల్లలపై లైంగిక దృశ్యాలను వెతకడం, చూడడం, డౌన్‌లోడ్ చేయడం ఐటీ చట్టం సెక్షన్ 67బీ కింద నేరం. మొదటిసారి దొరికితేనే ఐదేళ్ల వరకు జైలు, 10 లక్షల వరకు జరిమానా పడొచ్చు.

నెట్ సెంటర్ రూల్స్ లైబ్రరీకి వర్తిస్తాయా?

సైబర్ కేఫ్‌ల కోసం కేంద్రం 2011లో రూల్స్ తెచ్చింది. కస్టమర్ ఐడీ చూడాలి, రిజిస్టర్‌ను, బ్రౌజింగ్ హిస్టరీని కనీసం ఏడాది ఉంచాలి. క్యాబిన్ల మధ్య అడ్డు నాలుగున్నర అడుగులు దాటకూడదు. అయితే చట్టంలో సైబర్ కేఫ్ అంటే వ్యాపారంగా నెట్ ఇచ్చేచోటు. ఉచిత లైబ్రరీకి ఆ నిర్వచనం సూటిగా సరిపోదు. ఎవరు ఏం చదివారో పేరుతో సహా రాసిపెడితే గోప్యత దెబ్బతింటుంది. తక్కువ ఎత్తు అడ్డుగోడలు, స్క్రీన్ హాలు వైపు తిప్పి పెట్టడం లాంటివి మాత్రం లైబ్రరీకీ పనికొస్తాయి.

ఫిల్టర్ ఒక్కటే చాలదు

ఫిల్టర్ సాఫ్ట్‌వేర్‌కి సందర్భం సరిగా తెలియదు. రొమ్ము క్యాన్సర్, నెలసరి, ఎయిడ్స్ గురించి వెతికినా కొన్నిసార్లు బ్లాక్ చేసేస్తుంది. డాక్టర్‌నో, ఇంట్లోవాళ్లనో అడగడానికి మొహమాటపడే అమ్మాయికి ఆ దారీ మూసుకుపోతుంది. ఇంకో చిక్కు భాష. కుప్పం అటు తమిళనాడుకు, ఇటు కర్ణాటకకు సరిహద్దు. అక్కడ తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపిస్తాయి. ఇంగ్లిష్ మాటల లిస్టుతో పనిచేసే ఫిల్టర్ ఈ మూడు భాషల్లో వచ్చే లోన్ యాప్ మోసాన్ని, ఫేక్ ఉద్యోగ ప్రకటనను పట్టుకోలేదు.

అమెరికాలో 2000లో వచ్చిన చట్టం ప్రకారం ఇంటర్నెట్ కోసం కేంద్ర నిధులు తీసుకునే లైబ్రరీలు ఫిల్టర్ పెట్టాలి. 2003లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. పెద్దవాళ్లు అడిగితే ఫిల్టర్ తీసేయొచ్చన్న వెసులుబాటు ఆ తీర్పులో కీలకమైంది.

మరి మధ్యే మార్గం ఏంటి?

• పిల్లల కంప్యూటర్లు వేరుగా పెట్టాలి. వాటిలో సేఫ్ సెర్చ్, పెద్దల సైట్లను ఆపే ఫ్యామిలీ డీఎన్‌ఎస్ ఆన్ చేయాలి. ఇలాంటివి ఫ్రీగానే దొరుకుతాయి.
• పెద్దల కంప్యూటర్లలో వైరస్, మోసపూరిత సైట్లను మాత్రం ఆపాలి. పనికొచ్చే సైట్ బ్లాక్ అయితే కారణం అడక్కుండా అప్పటికప్పుడు తెరవాలి.
• ఒకరు లేవగానే పాస్‌వర్డ్‌లు, హిస్టరీ, డౌన్‌లోడ్‌లు వాటంతటవే చెరిగిపోయేలా సెట్ చేయాలి.
• ఏది బ్లాక్ చేశారో, ఎందుకు చేశారో బోర్డు మీద తెలుగులో రాయాలి. కుప్పంలో అయితే తమిళం, కన్నడంలో కూడా.

మీరు లైబ్రరీకి వెళ్తే..

వీలైనంతవరకు బ్యాంక్ పనులు అక్కడ పెట్టుకోవద్దు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. ఆధార్, మార్కుల మెమో డౌన్‌లోడ్ చేస్తే డిలీట్ చేశాకే లేవండి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. లాగౌట్ మర్చిపోవద్దు. డబ్బు పోతే వెంటనే 1930కి కాల్ చేయండి. పిల్లలకు వేధింపులు ఎదురైతే 1098కి చెప్పండి.