తాబేలు, పాము, కంచు దేవుడు

చీనా దేశపు పురాతన విగ్రహములున్న ప్రదర్శనశాలలలో అప్పుడప్పుడు ఒక విచిత్రమైన కంచుమూర్తి కనుపించును. ఒంటిపై కవచము, దానిపై వదులు అంగీ. జుట్టు విరబోసికొని ఉండును. కాళ్లకు చెప్పులుండవు. పాదముల చెంత ఒక తాబేలు, దానిని చుట్టుకొన్న ఒక పాము. సిగ ముడువని తల, వట్టి పాదములు యోధునికి గాని, ఉద్యోగికి గాని చీనాలో మర్యాద కావు. ఈ మూర్తి తావో మతస్థులు కొలిచెడి చన్-వు, అనగా సత్యవీరుడు. ఒకప్పుడు ఇతడు మనిషియే కాడు. ఆకాశములో ఒక భాగము.

మనకు 27 నక్షత్రములు, అభిజిత్తును చేర్చినచో 28 ఉన్నట్లే, చీనా వారు చంద్రుడు నడచు దారిని 28 భాగములుగా విభజించిరి. ఏడేసి భాగములకు ఒక దిక్కు, ఒక జంతువు. తూర్పునకు నీలి డ్రాగన్, పడమటికి తెల్లపులి, దక్షిణమునకు ఎర్రపక్షి, ఉత్తరమునకు పాము చుట్టిన తాబేలు. ఈ చివరిదాని పేరు షువాన్-వు, అనగా నల్లని వీరుడు. ఈ విభాగము ఎంత పాతదో చూడుడు: క్రీ.పూ. 433 ప్రాంతమున సమాధి చేయబడిన జెంగ్ ప్రభువు ‘యీ’ గోరీని 1978లో త్రవ్వగా దొరికిన లక్క పెట్టె మూతపై 28 పేర్లును వ్రాసి ఉన్నవి. వాని పక్కనే డ్రాగన్, పులి బొమ్మలు కలవు.

ఉత్తరమనగానే విద్యార్థులు ధ్రువనక్షత్రము వైపు చూచెదరు. అది పొరపాటు. తాబేలు నక్షత్రములు ధనుస్సు, మకరము, కుంభము, వానికి ఆవలి ప్రాంతములలో, అనగా ఇంచుమించు మన ఉత్తరాషాఢ మొదలు ఉత్తరాభాద్ర వరకు ఉన్నవి. శీతకాలములో సూర్యుడు సంచరించెడి భాగమిది. చలి, చీకటి, నీరు, నలుపు రంగు — వీనినన్నిటిని చీనా వారు ఉత్తర దిక్కునకు ముడిపెట్టిరి.

తావో మతమునకు మొదట విగ్రహములపై ఆసక్తి లేదు. బౌద్ధుల ప్రతిమలను చూచి 5, 6 శతాబ్దములలో లావోజు మున్నగువారి మూర్తులను ఎక్కువగా రాతిలో చెక్కించిరి. తాబేలుకు మనుష్యరూపము సుంగ్ వంశకాలమున స్థిరపడినది. 1012లో ఆ వంశపు చక్రవర్తి తన మూలపురుషునిగా ప్రకటించిన దేవుని పేరులో ‘షువాన్’ అను అక్షరమున్నది. రాజపూర్వికుని పేరును ఎవరును ఉచ్చరింపరాదు గదా! అందుచే షువాన్-వు కాస్త చన్-వు అయ్యెను.

ఇతనికి కంచుతో, బంగారుపూతతో వైభవము తెచ్చినది మాత్రము ఒక సింహాసనపు తగవు. మింగ్ వంశపు రాజకుమారుడు జు-దీ ఉత్తర దేశమునకు అధిపతి. 1399లో తన అన్న కుమారునిపై తిరుగబడి, 1402లో నాన్‌కింగును పట్టుకొని, యుంగ్లో చక్రవర్తి అయ్యెను. న్యాయముగా రావలసిన సింహాసనము కాదు కనుక దైవానుగ్రహమును చూపింపవలసి వచ్చెను. ఉత్తరమునుండి వచ్చిన రాజునకు ఉత్తర దిక్కు దేవునికంటె తగిన సాక్షి ఎవరు? చన్-వు తనకు సాయపడెనని అతడు శిలాశాసనములు వేయించెను. 1412 నుండి హూపే రాష్ట్రములోని వూడాంగ్ పర్వతముపై ఆ దేవునికి ఆలయములు కట్టించెను. ఆ కొండ శిఖరము ఎత్తు 1,612 మీటర్లు. అక్కడ 1307 నాటి చిన్న కంచుగుడి అంతకుముందే ఉన్నది. చక్రవర్తికి అది చాలలేదు. దానిని పక్క శిఖరమునకు తరలించిరి. 1416లో దాని స్థానమున నిలిపిన స్వర్ణమందిరమును, అందులోని చన్-వు మూర్తిని నేటికిని చూడవచ్చును. దూలములు, పెంకులు, తలుపులు అన్నియు కొయ్యపనిని అనుకరించిన కంచు, దానిపై బంగారుపూత. భాగములను పెకింగులో పోతపోసి, నదులు, కాలువల మీదుగా తెచ్చి, కొండపై కూర్చిరి.

ఇక పోత సంగతి. మన చోళుల నాటి కంచు విగ్రహములలో అధికభాగము గట్టిపోత. చీనా విగ్రహములలో పెక్కింటి లోపల మట్టిగర్భము ఉండును. మట్టిబొమ్మపై మైనము పరచి, నగిషీ చెక్కి, దానిపై మరల మట్టి మెత్తి కాల్చినచో మైనము కరగిపోవును; ఆ సందులో కంచు పోయుదురు. ఇందువలన లోహము ఆదా అగుటయే కాదు, మందమైన లోహము ఒకచోట త్వరగా, మరొకచోట ఆలస్యముగా చల్లారి పగులు ప్రమాదమును తగ్గును. రాగి 1,085 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద కరగును. తగరము కలిసినచో అంత వేడి అక్కరలేదు. సీసము కలిసినచో ద్రవము సన్నని సందులలోనికి చక్కగా పారును. పూతకు బంగారమును పాదరసములో కలిపి, ఆ ముద్దను విగ్రహమునకు పూసి వేడిచేయుదురు. పాదరసము ఆవిరియై పోయి బంగారము మిగులును. ఆ ఆవిరి పీల్చిన పనివాని గతి ఏమో చెప్పనక్కరలేదు. తావో రసవాదులు అమరత్వము కొరకు ఇంగిలీకమునుండి తీసినదియు ఈ పాదరసమునే!

కంచు విగ్రహమునకు మొదటి శత్రువు టంకశాల. 845లో తావో మతాభిమానియైన తాంగ్ చక్రవర్తి వూ-జుంగ్ బౌద్ధ మఠముల విగ్రహములను కరగించి నాణెములు వేయించెను. 955లో మరియొక రాజు మరల ఆ పనియే చేసెను. 1966లో ఆరంభమైన సాంస్కృతిక విప్లవకాలమున తావో ఆలయములలోని మూర్తులును పెక్కు నశించినవి. మిగిలినవానిలో కొన్ని ఏ గుడివో తెలియకుండ దేశాంతరములు పట్టినవి.

అంగడిలో మాత్రము ప్రతి చన్-వు మూర్తియు మింగ్ కాలమునాటిదే! నిజము తేల్చుటకు లోపలి మట్టిగర్భము సాక్ష్యమిచ్చును. మట్టిలోని స్ఫటికములు చుట్టునున్న వికిరణశక్తిని కొద్దికొద్దిగా నిలువ చేసికొనును. పోతపోసినప్పటి వేడికి ఆ నిలువ సున్న అగును. పిమ్మట మరల పెరుగును. రవ్వంత మట్టిని తీసి వేడిచేయగా వెలువడు వెలుగును కొలిచి, ఎన్నాళ్ల క్రిందట కాలినదో లెక్కగట్టుదురు. దీనినే ఉష్ణదీప్తి పద్ధతి అందురు. ఖచ్చితమైన సంవత్సరమును ఇది చెప్పలేదు. ఆరువందల ఏండ్ల విగ్రహమా, అరువది ఏండ్లదా అని తేల్చుటకు చాలును.

ఎవరి విగ్రహమో తేల్చుట వేరొక చిక్కు. కొన్ని మూర్తులకు తాబేలును, పామును విడిగా పోతపోయుదురు. అవి సులభముగా పోవును. అట్టి మూర్తి ఎదురైనపుడు మొదట దాని జుట్టును, పిదప పాదములను చూడవలెను.