చర్చి న్యాయపీఠం: లండన్ కమానుల కింద నుంచి గిద్దలూరు దాకా

గుంటూరు–నంద్యాల రైలు మార్గంలో తర్లుపాడు స్టేషను దాటితే కంభం, ఆ తర్వాత గిద్దలూరు వస్తాయి. ఈ కొద్ది దూరంలోనే తెలుగు క్రైస్తవ సంఘాల చరిత్రలో ఒక సరిహద్దు ఉంది. 1866లో ఒంగోలు చేరిన జాన్ క్లౌ దొర కాలం నుంచి పడమటికి పాకిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ మార్కాపురం, కంభం ప్రాంతాల్లో వేళ్లూనుకుంది. గిద్దలూరు మొదలుకొని నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు వైపు పనిచేసింది ఇంగ్లండు ఆంగ్లికన్ సంఘం పంపిన ఎస్.పి.జి. మిషన్. ఒకరు పెద్దవాళ్లను నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇస్తారు, ఇంకొకరు పసిబిడ్డలకు కూడా ఇస్తారు. ఈ తేడా ఊళ్లో అందరికీ తెలిసిందే.

పెద్దగా ఎవరూ పట్టించుకోని తేడా మరొకటి ఉంది. సంఘంలో తగవు వస్తే తీర్పు ఎవరు చెప్పాలి? బాప్టిస్టు పద్ధతిలో స్థానిక సంఘమే పెద్ద. సభ్యులంతా కూర్చుని తేల్చుకోవాలి. ఆ తీర్పును కొట్టేసే పై కోర్టు సిద్ధాంతరీత్యా లేదు. ఆంగ్లికన్ పద్ధతి అలా కాదు. పాస్టరు మీద ఆర్చిడీకన్, ఆయన మీద బిషప్పు, బిషప్పుకో కోర్టు, దాని మీద ఆర్చిబిషప్పు కోర్టు, ఇలా నిచ్చెన కట్టుకుంటూ పోయారు. ఆ నిచ్చెన పైమెట్టు మీద కూర్చునే పెద్ద జడ్జి పేరు ‘డీన్ ఆఫ్ ది ఆర్చెస్’. ఇంగ్లండు చర్చిలో ఆ పదవి నేటికీ ఉంది. మన గడ్డ మీద దానికి సరిసమానమైన పదవి స్థిరపడలేదు. కారణం తెలియాలంటే ఆ జడ్జికి అధికారం ఏ కాలంలో ఎవరి నుంచి వచ్చిందో చూడాలి.

పోపు నుంచి రాజుకు

11వ శతాబ్దంలో విలియం రాజు ఇంగ్లండును గెలిచాక చర్చి వ్యాజ్యాలను మామూలు న్యాయసభల నుంచి విడదీశాడు. అప్పటి నుంచి బిషప్పుల కోర్టులు వేరుగా ఎదిగాయి. కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు అప్పీలు కోర్టు లండన్‌లోని సెయింట్ మేరీ లె బో చర్చిలో కూర్చునేది. ఆ చర్చి కింది భాగంలో రాతి కమానులు ఉండేవి కాబట్టి దానికి కమానుల కోర్టు అనే పేరు నిలిచింది. ఆర్చిబిషప్పు తరఫున తీర్పు చెప్పే అధికారి, లండన్‌లో ఆర్చిబిషప్పు సొంత ఏలుబడిలో ఉన్న 13 పారిష్‌ల పెద్ద, మొదట్లో ఇద్దరు వేర్వేరు మనుషులు. పోనుపోను రెండు పదవులూ ఒక్కరి చేతికే వచ్చి, ‘డీన్’ అనే పిలుపు జడ్జికి అంటుకుంది. పేరు మతాధికారిదిలా వినిపించినా పని మాత్రం న్యాయమూర్తిదే.

ఆ రోజుల్లో ఈ కోర్టు తీర్పు నచ్చనివాడు రోముకు అప్పీలు చేసుకునేవాడు. 8వ హెన్రీ తన పెళ్లి వ్యవహారంలో పోపుతో తెగతెంపులు చేసుకుని, 1533లో ఆ దారి మూసేశాడు. చివరి అప్పీలు రాజు నియమించిన మనుషుల దగ్గరకు మారింది. 1545 నాటి చట్టంతో పెళ్లయిన గృహస్థులు కూడా చర్చి కోర్టుల్లో జడ్జీలు కావచ్చని తేలింది. సివిల్ న్యాయశాస్త్రంలో డాక్టరేటు ఉంటే చాలు. అక్కడి నుంచి చర్చి జడ్జి అంటే గురువు కాదు, లాయరు.

ఆ లాయర్లంతా సెయింట్ పాల్స్ కేథడ్రల్ దగ్గర ‘డాక్టర్స్ కామన్స్’ అనే సముదాయంలో ఉండేవాళ్లు. 1666 అగ్నిప్రమాదంలో సెయింట్ మేరీ లె బో చర్చి కాలిపోయాక కోర్టూ అక్కడికే చేరింది. వ్యవహారమంతా కాగితం మీదే. జ్యూరీ లేదు, సాక్షిని బోనెక్కించి నిలదీయడం లేదు. వాంగ్మూలాలు విడిగా రాయించి తెచ్చి చదివేవాళ్లు. యువకుడిగా చార్లెస్ డికెన్స్ అక్కడ విలేఖరిగా పనిచేశాడు. ఆ తీరు చూసిన విసుగు తర్వాత ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’ నవలలో కనిపిస్తుంది.

చర్చి కోర్టులంటే గుడి సంగతులకే పరిమితమైనవి అనుకుంటే పొరపాటు. వీలునామాలు, పెళ్లిళ్లు, దశమభాగం, ఒకరినొకరు తిట్టుకున్న కేసులు, గురువుల నడవడి అన్నీ అక్కడికే వచ్చేవి. తప్పు రుజువైతే తెల్లగుడ్డ కప్పుకుని గుడిలో అందరి ముందూ నిలబడి ఒప్పుకోవాలి. పిలిచినా రాకుంటే వెలివేసేవాళ్లు. కోర్టును లెక్కచెయ్యనివారిని వెలివేసే ఆ పద్ధతి తీసేసి, దాని స్థానంలో 1813లో పరిమిత జైలుశిక్ష తెచ్చారు.

రాజు నుంచి పార్లమెంటుకు

19వ శతాబ్దం ఈ న్యాయపీఠాన్ని రెండు వైపులా కోసింది. 1857 చట్టాలతో వీలునామాలూ విడాకులూ మామూలు కోర్టులకు వెళ్లిపోయాయి. ఆదాయం పోయింది, డాక్టర్స్ కామన్స్ మూతపడింది. మిగిలింది సిద్ధాంతం, ఆరాధన, గురువుల క్రమశిక్షణ. సరిగ్గా అవే ఆ శతాబ్దంలో నిప్పు రాజేశాయి.

గోరమ్ అనే గురువు కేసు అందుకు మంచి ఉదాహరణ. శిశు బాప్తిస్మంతోనే బిడ్డకు తప్పనిసరిగా కొత్త జన్మ కలుగుతుందా? గోరమ్ కలగదన్నాడు. అందువల్ల ఎక్సెటర్ బిషప్పు అతన్ని పారిష్‌లో నియమించనన్నాడు. 1849లో ఆర్చెస్ డీన్ సర్ హెర్బర్ట్ జెన్నర్ ఫస్ట్ బిషప్పు పక్షాన తీర్పిచ్చారు. మరుసటి ఏడాది, చివరి అప్పీలు వినే ప్రివీ కౌన్సిల్ దాన్ని తలకిందులు చేసింది. మార్కాపురం బాప్టిస్టులకూ గిద్దలూరు ఆంగ్లికన్లకూ మధ్య నేటికీ మిగిలిన ప్రశ్నకు దగ్గరి చుట్టమే ఇది. లండన్‌లో దాన్ని చివరికి తేల్చింది రాజ్యపు న్యాయసంఘం. దేవుడి సంగతి రాజ్యం తేల్చడమేమిటని చాలామంది గురువులు మండిపడ్డారు.

1874లో పార్లమెంటు ఆరాధన క్రమాన్ని అదుపు చేయడానికి ఒక చట్టం చేసి, కాంటర్‌బరీ, యార్క్ రెండు ప్రావిన్సులకూ ఒకే జడ్జిని పెట్టింది. ఆ కుర్చీలోకి వచ్చిన లార్డ్ పెన్జన్స్ అంతకుముందు విడాకుల కోర్టు జడ్జి. ధూపం, కొవ్వొత్తులు, ప్రత్యేక అంగీలు వాడిన గురువుల మీద ఫిర్యాదులు ఆయన ముందుకు వచ్చాయి. పార్లమెంటు పెట్టిన జడ్జిని చర్చి జడ్జిగా ఒప్పుకోమని వాళ్లు కోర్టుకు రావడమే మానేశారు. కోర్టు ధిక్కారం కింద ఐదుగురు జైలుకెళ్లారు. 1877లో ఆర్థర్ టూత్‌ను జైలుకు పంపినప్పుడు ఆయన ముద్దాయిలా కాక హతసాక్షిలా కనిపించాడు. గెలిచింది కోర్టు, పరువు పోయిందీ కోర్టుకే. ప్రతివాదులు ఒప్పుకోని జడ్జి చేతిలో చట్టం ఉన్నా తీర్పుకు బలం ఉండదని ఆ ఉదంతం తేల్చింది.

మద్రాసులో మారిన లెక్క

మన దేశానికి ఈ వ్యవస్థ ముక్కలు ముక్కలుగా వచ్చింది. 1801లో సర్ థామస్ స్ట్రేంజ్ ప్రధాన న్యాయమూర్తిగా మొదలైన మద్రాసు సుప్రీంకోర్టుకు రాజ చార్టరు చర్చి వ్యాజ్యాల అధికారాన్ని కూడా ఇచ్చింది. మద్రాసులో ఇంగ్లీషువాళ్ల వీలునామాలు రుజువు చేసింది ఆ కోర్టే. అప్పటికి ఇక్కడ ఆంగ్లికన్ బిషప్పే లేడు. కలకత్తాకు 1814లో, మద్రాసుకు 1835లో బిషప్పులు వచ్చారు. వాళ్లకు గురువుల మీద విచారణ జరిపే అధికారం రాజ పత్రాల్లోనే రాసి ఇచ్చారు. వీలునామా, పెళ్లి, విడాకులు మాత్రం ఏనాడూ వాళ్ల చేతికి రాలేదు. 1869 విడాకుల చట్టం, 1872 క్రైస్తవ వివాహ చట్టం వచ్చాక ఆ సంగతి పూర్తిగా సర్కారు పరిధిలో స్థిరపడింది.

ఈలోగా దక్షిణాఫ్రికాలో లేచిన తగవులు సామ్రాజ్యమంతటా ఈ నిచ్చెనను కదిలించాయి. 1863లో లాంగ్ అనే గురువు కేసులో, 1865లో నేటాల్ బిషప్పు కొలెన్సో కేసులో ప్రివీ కౌన్సిల్ తీర్పుల సారాంశం ఒకటే: చట్టం చర్చిని ప్రభుత్వ సంస్థగా నిలబెట్టని చోట, ఆంగ్లికన్ సంఘం కూడా ఏ ఇతర మత సంఘంతోనైనా సమానమే. సభ్యులు ఏ నియమాలకు ఒప్పుకుని చేరారో ఆ నియమాలే వాళ్లను కట్టేస్తాయి. అంటే చర్చి జడ్జికి రాజముద్ర అండ పోయి, సభ్యుల ఒప్పందమే ఆధారంగా మిగిలింది.

భారతదేశంలో ఆ మాట పూర్తిగా అమలుకు రావడానికి 1927 నాటి చట్టం కావలసి వచ్చింది. 1930 మార్చి 1న ఇక్కడి ఆంగ్లికన్ సంఘం ఇంగ్లండు చర్చి నుంచి విడివడి, ‘చర్చ్ ఆఫ్ ఇండియా, బర్మా, సిలోన్’గా సొంత రాజ్యాంగం రాసుకుంది. గురువు మీద నేరం మోపితే ఎవరు విచారించాలన్న నియమాలు అందులో చేరాయి.

నల్లమల పక్కన

ఇంత కథ సాగుతున్నప్పుడు గిద్దలూరు వైపు పల్లెల్లో న్యాయం ఎలా నడిచింది? నడిపింది ఉపదేశి, సంఘ పెద్దలు, మిషన్ కాంపౌండులోని అయ్యగారు. మాల మాదిగ పేటల్లో కులపెద్దలు తీర్చే తగవుల పద్ధతి ముందే ఉంది. పెళ్లి, మనువు, తాగుడు, గ్రామదేవత జాతర వంటివి వస్తే పెద్దలు కూర్చోబెట్టి అడిగేవాళ్లు. ఒప్పుకోకపోతే ప్రభురాత్రి భోజన సంస్కారంలో పాలు ఉండదు. ఇక్కడ రాజముద్ర అవసరం పడలేదు. పేటంతా ఒప్పుకున్న పెద్దరికమే చాలింది. లండన్‌లో పెన్జన్స్‌కు దొరకనిది ఇక్కడి పెద్దలకు అడగకుండానే దొరికింది. దానికో లోపం కూడా ఉంది. రాసిన చట్టం ఉండదు, అప్పీలు ఉండదు, పెద్దలకు గిట్టనివాడికి దిక్కుండదు.

1912 డిసెంబరు 29న కలకత్తాలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు ఆయనే. మద్రాసు బిషప్పు కింద ఉన్న నంద్యాల ప్రాంతం తర్వాత దోర్నకల్ డయోసిస్‌లో చేరింది. దక్షిణాది సంఘాల ఐక్యత కోసం జీవితమంతా పాటుపడి, అది చూడకుండానే ఆయన 1945 జనవరి 1న కన్నుమూశారు.

1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కేథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం, అంటే సీఎస్ఐ ఏర్పడింది. దోర్నకల్ అందులో చేరింది, నంద్యాల ప్రాంతం చేరనంది. బిషప్పు చేతుల మీదుగా అభిషేకం పొందని గురువుల సేవను ఒప్పుకోలేమన్నది ఇక్కడి ఆంగ్లికన్ల ప్రధాన అభ్యంతరం. దాంతో వాళ్లు కలకత్తా మెట్రోపాలిటన్ ఏలుబడిలోకి వెళ్లారు. బాప్టిస్టు ఊళ్లలో తగవు సంఘం గడప దాటనవసరం లేని కాలంలో, ఆ పక్కనే ఉన్న ఆంగ్లికన్ సంఘానికి పెద్ద దిక్కు బెంగాల్లో ఉన్నాడు. 1963లో నంద్యాల సొంత డయోసిస్ అయింది. 1975లో సీఎస్ఐలో కలిసింది. 2013లో అక్కడే ఎగ్గోని పుష్పలలిత బిషప్పు అయ్యారు. సీఎస్ఐ చరిత్రలో తొలి మహిళా బిషప్పు ఆమె.

సినడ్ కోర్టు, సర్కారు కోర్టు

సీఎస్ఐ రాజ్యాంగంలో క్రమశిక్షణకు ప్రత్యేక అధ్యాయం ఉంది. డయోసిస్ స్థాయిలో కోర్టు, దాని పైన సంఘమంతటి మహాసభ అయిన సినడ్ కోర్టు. అయితే మెథడిస్టులూ కాంగ్రిగేషనల్ సంఘాలూ తమ పద్ధతులతో వచ్చి కలిసిన ఇల్లు ఇది. ఒకే న్యాయకోవిదుడు తరాల తరబడి తీర్పులు పేర్చుకుంటూ పోయే ఆర్చెస్ డీన్ వంటి పదవి అందులో ఇమడలేదు.

ఇంగ్లండులో మాత్రం ఆ పదవి మెల్లగా పరువు తిరిగి తెచ్చుకుంది. డీన్‌ను ఇద్దరు ఆర్చిబిషప్పులు కలిసి, రాజు ఆమోదంతో నియమిస్తారు. 2001లో షీలా కామెరాన్ ఆ కుర్చీలో కూర్చున్న తొలి మహిళ అయ్యారు. ఇప్పుడు వచ్చే పని ఎక్కువగా పాత చర్చి భవనాల మార్పులు, సమాధులు. 2021లో వచ్చిన కేసు చూడండి. కోవెంట్రీ డయోసిస్‌లో ఒక ఐరిష్ కుటుంబం తమ తల్లి సమాధి మీద ఐరిష్ భాషలోనే వాక్యం చెక్కిస్తామంది. ఇంగ్లీషు కూడా ఉండాలని, లేకుంటే చూసేవాళ్లు రాజకీయ నినాదమనుకోవచ్చని బిషప్పు కోర్టు జడ్జి కాదన్నారు. డీన్ మోరాగ్ ఎల్లిస్ మరో ఇద్దరు జడ్జిలతో కలిసి విని ఆ ఉత్తర్వు కొట్టేశారు. కుటుంబం కోరినట్టే రాయి నిలిచింది. బిషప్పు కోర్టు తీర్పును దిద్దడానికి కుటుంబం బయటి కోర్టుకు పోనక్కర్లేకపోయింది.

మన దగ్గర అలా జరగడం అరుదు. మిషన్ వదిలివెళ్లిన బడులు, ఆసుపత్రులు, స్థలాల విలువ పెరిగింది. ఎన్నికలు, ఆస్తులు, పదవుల మీద తగవులు పెరిగాయి. అవి నేరుగా సివిల్ కోర్టులకు వెళ్తున్నాయి. మతసంఘాల తగవులు సివిల్ కోర్టులు వినవచ్చని సుప్రీంకోర్టు కేరళ ఆర్థడాక్స్ సంఘం కేసులో 1995లో చెప్పింది. 2024లో మద్రాసు హైకోర్టు సీఎస్ఐ సినడ్ వ్యవహారాలు చూడమని ఇద్దరు విశ్రాంత న్యాయమూర్తులను నియమించింది. ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. దేవుడి ఇంటి సంగతి రాజ్యం తేల్చడమేమిటని 1850లో లండన్ గురువులు అడిగారు. ఇక్కడ సంఘస్థులే రాజ్యం తలుపు తడుతున్నారు.

తప్పు వాళ్లది మాత్రమే అనలేం. లోపలి జడ్జి ఎవరి మనిషో ముందే తెలిసిపోతే ఎవరైనా బయటికే పోతారు. పోపు, రాజు, పార్లమెంటు అనే మూడు అండలూ పోయాక చర్చి జడ్జికి మిగిలినది సంఘస్థుల నమ్మకం ఒక్కటే. పేటల్లోని పాత పెద్దలకు ఆ నమ్మకం ఉండేది, రాసిన నియమం ఉండేది కాదు. నేటి సినడ్‌కు నియమాలు దండిగా ఉన్నాయి. బిషప్పు మార్చలేని తీర్పు చెప్పే, బిషప్పు తీసేయలేని జడ్జిని నియమించుకోగలిగితే ఆ రెండూ ఒకచోట చేరతాయి. అది జరిగేదాకా గిద్దలూరు సంఘస్థుడు తన ఫిర్యాదును వకీలు చేతికే ఇస్తాడు.